లెక్క రానంతసేపు

ఆ సోమవారం పొద్దున పాపయ్య అంగడికి పోలేదు. వర్తూరు బజారులో చింతపండు, ఎండుమిరప టోకుగా అమ్మే మనిషి తలుపులు తీసే వేళకు ఇంట్లో కూర్చున్నాడంటే ఏదో తేల్చుకోవాలన్న మాట. ముందు గదిలో చాప మీద మూడు రకాల లెక్కల పుస్తకాలు పరిచి ఉన్నాయి. ఒకటి రాష్ట్రం సిలబస్, ఒకటి సెంట్రల్, మూడోది ఓపెన్ స్కూల్. కూతురు నవ్య ఇంట్లోనే చదివి పదో తరగతి పరీక్ష రాయాలి. ఏ పద్ధతిలో రాయించాలో ఆ వారమే నిర్ణయించాలి.

పుస్తకాలు తెచ్చింది ఇస్సాకు మాస్టారు. ఒంగోలు నుంచి వచ్చి సర్జాపుర రోడ్డులో కొడుకు దగ్గర ఉంటున్న రిటైర్డ్ టీచరు. నవ్యకు లెక్కలు చెప్పడానికి వస్తుంటాడు.

"నా మాట వినండి పాపయ్యగారూ, ఓపెన్ స్కూల్ పెట్టించండి. పాఠాలు చిన్నవి. తొందర లేదు. అమ్మాయికి తెలివి లేక కాదు, ఎక్కడో ఆగిపోతోంది, అంతే."

వంటింటి గడప దగ్గర నుంచి పాపయ్య భార్య పద్మావతి అడ్డుపడింది. "అదొద్దు సార్. సెంట్రల్ సిలబస్సే ఉండనీ. మా భరత్ చదివింది అదే కదా."

భరత్ పేరు వినబడగానే ఆ ఇంట్లో ఎవరి చేతిలో పని వాళ్ళు ఆపేస్తారు. వాడు నవ్యకు అన్న. చెల్లెలి పక్కన కూర్చుని లెక్కలన్నీ చేయించేవాడు. పోయిన సంవత్సరం కాక అంతకు ముందు వానాకాలంలో కామెర్లొచ్చి పోయాడు. ఆ తరువాత నవ్య బడిలో లెక్కల క్లాసు జరుగుతుంటే పక్కకు తిరిగి అన్నతో మాట్లాడేది. పిల్లలు నవ్వారు. ఆ నవ్వులు తట్టుకోలేక పాపయ్యే కూతురిని బడి మాన్పించాడు.

మాస్టారు వెళ్ళిపోయాక కూడా పాపయ్య ఆ పుస్తకాల ముందు నుంచి లేవలేదు. అంతకుముందు ఒక సులువైన పుస్తకం తెస్తే నవ్య చకచకా చేయసాగింది. అచ్చు బాగాలేదని పద్మావతి దాన్ని తీయించేసింది. ఇంకొకటి తెస్తే అందులో ఏమీ లేదంది. అమ్మాయి ముందుకు కదలలేని ఈ సెంట్రల్ పుస్తకమొక్కటే ఆమెకు నచ్చింది.

తడిసిన చింతపండే ఏరి ఏరి కొనే గిరాకీని పాపయ్య చూశాడు. సరుకు తెలియక కాదు, తిరిగి అమ్మేటప్పుడు తూకంలో ఆ తడి బరువుతో ఆ మనిషికి పని ఉంటుంది. తప్పు సరుకును ఎవరైనా మళ్ళీ మళ్ళీ ఎంచుకుంటున్నారంటే అది పొరపాటు కాదు, అవసరం. పద్మావతి అవసరమేమిటో తెలుసుకోవాలనే అతను ఇంట్లో ఉండిపోయాడు.

కాసేపటికి నవ్య సెంట్రల్ పుస్తకం తీసుకుని వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంది. పద్మావతి స్టవ్ ఆర్పింది. రేడియో కట్టేసింది. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా నడిచి ఆ తలుపుకు చెవి ఆనించి నిలబడింది.

లోపల నుంచి నవ్య గొంతు వినిపించింది. "దీన్ని రెండు ముక్కలు చేయాల్నా అన్నా?... ఊఁ... ఎందుకట్లా?... నాకు రాదులే, నువ్వే చెప్పు."

మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పద్మావతి తల ఊపుతోంది, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు. తాను కూడా జవాబు కోసం ఎదురుచూస్తున్నానని తెలిసి పాపయ్య భయపడ్డాడు.

"ఇదేంది పద్మా?" అని ఆమె భుజం పట్టుకున్నాడు.

"మెల్లగా మాట్లాడు! వాడు లేచి పోతాడు."

"ఎవరు?"

"లెక్క కష్టమైతేనే వాడొస్తాడు. ఆ సులభం పుస్తకం ఉండేటప్పుడు పిల్ల తనకు తానే చేసుకుని లేచిపోతా ఉండె. ఒక్క దినమూ అన్నా అని పిలవలేదు."

"అందుకని బతికుండే పిల్లను ఫెయిల్ చేయిస్తావా?"

"నీకేం, అంగడికి పోతావు. మూటలుండాయి, బేరాలుండాయి, వచ్చే పోయే జనముండారు. నాకేముండాది ఈ ఇంట్లో? ఇదొక్కటే కదా!" పద్మావతి గొంతు పెరిగింది.

పాపయ్య చింతపండు ఎండితే వచ్చే తరుగు ముందే కట్టుకుని గాని ధర చెప్పడు. కొడుకు పోయిన నష్టాన్ని మాత్రం తానూ భార్యా మోస్తున్నామనే అనుకున్నాడు. దాన్ని మోస్తున్నది ఇంట్లో అందరికన్నా చిన్నదని అప్పుడు అర్థమైంది.

తలుపు తెరుచుకుంది. నవ్య గడప దగ్గర నిలబడి ఉంది.

"అమ్మను ఏమీ అనొద్దు నాయినా. అన్న రాడు. మొదట్లో నాకు నిజంగానే వినిపిస్తా ఉండె. ఆ తర్వాత ఆగిపోయింది."

"మరి ఇప్పుడు మాట్లాడింది ఎవరితో?"

నవ్య తల్లి వైపు చూడకుండా అంది. "అమ్మ ఈడ నిలబడతాదని నాకు తెలుసు. తలుపు కింద నీడ పడతాది. నేను మాట్లాడని దినం అమ్మ అన్నం తినదు. అందుకే లెక్క వచ్చినా రానట్టు కూర్చుంటా. ఇంక నాతో కాదు నాయినా. పరీక్షలో కూడా ఇట్లే కూర్చుంటానేమో అని భయమైతా ఉండాది."

పద్మావతి గోడకు ఆనుకుని నేల మీదకు జారిపోయింది. "నా కోసమా? ఇన్ని దినాలూ నన్ను సాకింది నువ్వా తల్లీ!" అంటూ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. భరత్ పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. నవ్య పక్కన కూర్చుని తల్లి చేతులు పట్టుకుంది. పాపయ్యకు చేతనైన మాటలన్నీ కొనే అమ్మే మాటలు.

ఏడుపు తగ్గాక పద్మావతి లేచి ముఖం కడుక్కుంది. ముందు గదిలోకి వెళ్ళి ఓపెన్ స్కూల్ పుస్తకం తానే తీసుకుంది. తెచ్చి నవ్య ముందు పెట్టింది. వెనక్కి పోబోయి ఆగింది.

"నేనూ ఈడే కూర్చుంటే నీకు అడ్డమా?"

"లేదమ్మా."

పాపయ్య చెప్పులు వేసుకున్నాడు గాని వీధిలోకి దిగలేదు. లోపల నవ్య పుస్తకంలో ఒక లెక్క మీద వేలు పెట్టి తల్లికి చెబుతోంది.

"రెండు అంకెలు కనుక్కోవాల. గుణిస్తే పన్నెండు రావాల, కలిపితే ఏడు రావాల."

పద్మావతి చదువు ఏడో తరగతి దగ్గరే ఆగిపోయింది. వేలి కణుపులు లెక్కపెట్టుకుంది. "ఆరూ రెండూ?"

"గుణిస్తే సరే. కలిపితే ఎనిమిదొచ్చె కదమ్మా. అట్ల కాదు, నేను..."

"నువ్వు చెప్పొద్దు, ఉండు," అంది పద్మావతి, మళ్ళీ మొదటి కణుపు మీద బొటనవేలు పెట్టి. "నేనే చూస్తా."