కిటికీలో రాణి

రెబెక్క చేటలో బియ్యం చెరుగుతోంది. నూకలూ దుమ్మూ ఒక పక్కకు చేరుతున్నాయి. చూపు మాత్రం గోడ మీది పటం మీదే ఉంది.

1969. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పక్క మేడ మీది ఇల్లు. ఇంటావిడ ఎలీశమ్మ: సిల్కు చీర, సెంటు వాసన. పోలీసు గూఢచారి డిపార్ట్‌మెంట్ తరఫున విదేశీ ముఠాలో దూరిన ఏజెంటు. పనిమనిషి వేషంలో రెబెక్క ఆమెకు కాపలా. ఇవాళ తెలంగాణ విద్యార్థుల ఊరేగింపు మీద కాల్పులు జరిపి, ఊరంతా మంటలు రేపాలని ముఠా ప్లాన్. ఊరేగింపు ముందు వరసలో రెబెక్క తమ్ముడు స్తెఫను ఉన్నాడు.

ముఠా ఎలీశమ్మకు పంపిన సంకేతం ఈ పటమే. కిటికీలో ఒక రాణి. కింద దూసుకొస్తున్న రథం.

"ఎస్తేరు రాణి. రథమంటే జీపు. ఎల్బీ నగర్ మలుపు కాడ కాలుస్తరు," అని నిన్న ఎలీశమ్మే అర్థం చెప్పింది. చీఫ్ సాంబమూర్తి మనుషులందరినీ అక్కడికే పంపాడు. రెబెక్క కూడా పేరు విని తలూపింది కానీ, పటాన్ని సరిగ్గా చూడలేదు.

ఇప్పుడు చూసింది. రాణి కళ్ళకు దట్టమైన కాటుక, సింగారించిన తల. బైబిల్లో ఎస్తేరు తన జనాన్ని కాపాడటానికి ఉపవాసం ఉండి, రాజు ముందుకెళ్ళి నిలబడిన మనిషి. కాటుక దిద్దుకుని కిటికీలోంచి రథాన్ని చూసింది యెజెబెలు, ప్రవక్తలను చంపించిన రాణి. రెబెక్క ఊళ్ళో ఆ పేరు తిట్టడానికే తప్ప ఆడపిల్లకు పెట్టరు. ఏ క్రైస్తవుల ఇంట్లోనూ ఆమెను గోడకెక్కించరు.

ఈ ఎలీశమ్మ పేరుకే క్రైస్తవురాలు. పోలీసులను దూరం పంపడానికే తప్పు అర్థం చెప్పింది. సంకేతం రథం కాదు, కిటికీ. ఈ ఇంటి కిటికీ!

రెబెక్క బియ్యం డబ్బా అడుగున దాచిన వైర్‌లెస్ నొక్కింది. "సార్, కాల్చేది ఈడికెల్లే! ఎలీశమ్మ ముఠా మనిషి!"

"మేమొచ్చేసరికి ఆలస్యమవుతుందమ్మా. ఎలాగైనా ఆపు!" అన్నాడు సాంబమూర్తి.

నినాదాలు ఇంటి ముందుకొచ్చేశాయి. రెబెక్క చేటతోనే ముందుగది తలుపు తోసింది. కిటికీ దగ్గర ఎలీశమ్మ, భుజాన రైఫిల్. వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది.

"అమ్మా!"

ఎలీశమ్మ తల తిప్పింది. రెబెక్క చేటలోంచి విసిరిన దుమ్మూ నూకలూ ఆమె కళ్ళలో పడ్డాయి. గుండు పైకప్పులో దిగింది. నినాదాల హోరులో ఆ చప్పుడును ఎవరూ పట్టించుకోలేదు. స్తెఫను గొంతు కిటికీ దాటి ముందుకు సాగిపోయింది.

రైఫిల్ ఇప్పుడు రెబెక్క చేతిలో ఉంది.

"బియ్యం చెరిగేదానివి, ఎట్ల పసిగట్టినవే?" ఎలీశమ్మ కళ్ళు నలుపుకుంటూ అడిగింది.

"పటం జూసి. ఆమె ఎస్తేరు గాదు, యెజెబెలు."

"అయితే ఏంది?"

"ఆ మొఖం జర మంచిగ చూడమ్మా. నీదే."

"ముచ్చటపడి గీసిన్రనుకున్న."

"గా రాణిని కిటికీలకెల్లి కిందికి నూకింది పరాయోళ్ళు గాదు. ఆమె ఇంటోళ్ళే. పనైనంక నీ ముఠావోళ్ళు నీకూ గదే రాసిపెట్టిన్రు."

కింద జీపు వచ్చి ఆగింది. సాంబమూర్తి చేతిలో సంకెళ్ళు పట్టుకుని దిగాడు.

ఎలీశమ్మ పటాన్ని చూసింది. తెరిచి ఉన్న కిటికీని చూసింది. కొంగు సర్దుకుని, పటం గీసినవాడు గీయడం మరిచిన మెట్ల మీదుగా, ఇల్లు దాటి సాంబమూర్తి సంకెళ్ళ వైపు నడిచింది.