హెడ్‌ఫోన్స్‌లో ఎవరో

"నా కంప్యూటర్‌లో ఏం పెట్టారు మీరు?"

తడిసిన గొడుగు మడవకుండానే ఆమె షాపులోకి వచ్చేసింది. కౌంటర్ వెనక కీబోర్డు విప్పుతున్న రిపేరతను తలెత్తి చూశాడు. పోయిన వారం ఈ అమ్మాయి లాప్‌టాప్‌కే కొత్త స్క్రీన్ వేశాడు. ఏ వంకతో ఫోన్ చేయాలా అని నాలుగు రోజులుగా మథనపడుతున్నాడు కూడా.

"స్క్రీన్ పెట్టానండీ," అన్నాడు.

"జోకులొద్దు. నేనెవరికీ చెప్పని విషయం ఇందులో కనిపిస్తోంది. మీరు తప్ప దీన్నెవరూ ముట్టుకోలేదు."

లాప్‌టాప్ తెరిచి అతని ముందుకి తోసింది. ఏదో వార్తల పేజీ. దాని మధ్యలోకి ఒక తెల్లటి పెట్టె మెల్లగా తేలి వచ్చింది.

*ఎడమ చెవి వినపడటం లేదా? ఇంట్లో చెప్పలేదా?*

అతను మూసేశాడు. పక్కన ఇంకొకటి తెరుచుకుంది. ఈసారి ఒక చెవి బొమ్మ మాత్రమే, మాటలేమీ లేవు.

ఆమె కోర్టులో సాక్షుల రికార్డింగులు విని టైపు చేస్తుంది. చెవి పోతే ఆ ఉద్యోగం కూడా పోయినట్టే.

"నిన్నట్నుంచి ఆఫీసు కంప్యూటర్లోనూ వస్తోంది. నేనెక్కడికెళ్తే అక్కడికి," అంది. ఆమె గొంతు తగ్గింది. "ఇంకోటుంది. నవ్వకండి. సాక్షి మాటల మధ్యలో ఎవరో ఆవిడ గుసగుసగా అడుగుతుంది, 'వినిపిస్తోందా?' అని. వెనక్కి తిప్పి వింటే ఉండదు. నాకు చెవి పోతోందో, మతి పోతోందో తెలియట్లేదు."

అతను నవ్వలేదు. ఆమె రికార్డింగు ఒకటి పెట్టి, హెడ్‌ఫోన్స్‌తో వింటూ కూర్చున్నాడు. బయట వాన. రెండు నిమిషాలు గడిచాయి. ఐదు గడిచాయి. ఆమె అతని ముఖం మీదనుంచి చూపు తిప్పలేదు.

ఉన్నట్టుండి మౌస్ మీద అతని వేళ్లు ఆగిపోయాయి. చేతిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం ఆమెకి కనిపించింది.

"నాకూ వినిపించింది," అన్నాడు.

ఆమె స్టూలు మీద కూలబడింది. ఇన్ని రోజులూ ఒక్కర్తే మోసిన భయం కళ్ళలోంచి జారిపోయింది.

"ముందు నీళ్ళు తాగండి. ఇది దెయ్యం కాదు, యాడ్." అతను తెర మీది పేజీ వెనక దాక్కున్న విండో ఒకటి పైకి లాగి చూపించాడు. ఎవరో చెవి పరీక్షలవాళ్ల ప్రకటన. మీరు చూస్తున్న పేజీ వెనకాల తనంతట తనే తెరుచుకుని, మాట్లాడి, మూసుకుపోతుందట. "ఈ మధ్య ఉచితంగా ఏమైనా దించుకున్నారా?"

"ఆడియో ఫైళ్లు మార్చేది. అన్నింటికీ నెక్స్ట్ నొక్కేశాను."

"దాంతోపాటే ఎక్కింది." బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల, అంటే ఎక్స్‌టెన్షన్ల, జాబితా తెరిచాడు. "ఈ ధరలు పోల్చేది మీరు పెట్టుకున్నారా?"

"లేదే."

"దీనికున్న అనుమతి చదవండి."

'మీరు తెరిచే అన్ని పేజీలనూ చదవగలదు, మార్చగలదు.' ఆమె దాన్ని రెండుసార్లు చదివింది.

"చెవి గురించి మీరు వెతికినవన్నీ చూసింది. ఇంట్లో చెప్పలేదా అన్నది అందరి మీదికీ విసిరే రాయే, మీకు తగిలింది. ఆఫీసులోనూ ఇదే అకౌంట్‌తో లాగిన్ అయ్యారు కదా? దాని వెంటే అక్కడికీ పోయింది."

తీసేశాడు. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. జాబితాలో అది మునుపటి చోటే కూర్చుని ఉంది.



"మొండిఘటం," అన్నాడు అతను. ఈసారి బ్రౌజర్ మూసి, కంప్యూటర్‌లోని ప్రోగ్రాముల జాబితాకి వెళ్లాడు. ఆడియో మార్చేదాని కిందే, అదే తేదీన ఎక్కిన ఊరూపేరూ లేనిదొకటి దొరికింది. "ఎక్స్‌టెన్షన్‌ని మళ్ళీ మళ్ళీ తెచ్చి పెడుతున్నది ఇదే." రెండింటినీ పీకేశాడు. మారిపోయిన హోమ్ పేజీ, సెర్చ్ సరిచేశాడు. తెలియని సైట్లకున్న నోటిఫికేషన్ల అనుమతి ఆపేశాడు. చివరికి లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

"ఎక్స్‌టెన్షన్ మాత్రం మీరే తీసెయ్యండి."

ఆమె 'తొలగించు' నొక్కింది. రీస్టార్ట్ అయ్యాక పావుగంట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఆఫీసుదాంట్లోనూ ఇలాగే తీసెయ్యండి. ఇక చెవి సంగతేంటి?"

"అమ్మకి చెబితే ఉద్యోగం మానేయమంటుంది."

"రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేను తోడొస్తాను." కౌంటర్ మీది స్క్రూలు ఏరసాగాడు. "నిజానికి మీకు ఫోన్ చేద్దామని నాలుగు రోజుల్నుంచీ వంక వెతుకుతున్నా. ఇలాంటి వంక దొరకాలని మాత్రం కోరుకోలేదు."

"ఎవరైనా ఇలాంటప్పుడు చెప్తారా ఈ మాట?" అంది. ముక్కు తుడుచుకుంటూనే నవ్వేసింది.

మర్నాడు డాక్టరు పరీక్షలన్నీ చేసి, పోయిన వినికిడి తిరిగి రాదుగానీ చిన్న మెషీన్ పెట్టుకుంటే పనికి ఢోకా లేదన్నాడు. ఆమె వరండాలోకి వచ్చి అమ్మకి ఫోన్ చేసింది. దాచకుండా అంతా చెప్పింది. అమ్మ కాసేపు ఏడ్చింది, ఆపైన తిట్టింది.

"ఒక్కదానివే వెళ్లావా?"

"లేదు. కంప్యూటర్ బాగుచేసే అతను ఉన్నాడు."

"చెవి డాక్టరు దగ్గర కంప్యూటరతనికి ఏం పనే?"

ఆమె పక్కకి చూసింది. అతను గోడ మీది పోస్టరు చదువుతున్నట్టు నటిస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నేనే రమ్మన్నానమ్మా."



"సరే, భోజనానికి తీసుకురా," అంది అమ్మ. "నిన్ను తర్వాత చూస్తా. ముందు అతన్ని చూడాలి."