మిరప పరదాల మీద ఆరిన పుస్తకాలు

“ఇది గవర్నమెంటు పుస్తకం. దీనిమీద బొమ్మలు గీసిందెవరు?”

“నేనే. బాగున్నాయా?”

వీరేందర్ జవాబు చెప్పబోయి గట్టిగా తుమ్మాడు. ఒకటి కాదు, వరసగా మూడు. చేతిలోని ఎర్ర పెన్ను జారి బల్ల కిందికి దొర్లిపోయింది. రాజ్యశ్రీ నవ్వు ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

బూర్గంపాడు దాటాక గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊరి లైబ్రరీ అంటే ఒక్కటే గది, నాలుగు బీరువాలు, నాలుగు వందల పుస్తకాలు. తాళాలు రాజ్యశ్రీ దగ్గరుంటాయి. మూడేళ్ల కిందట వరద ఆ గదిలోకి నడుం లోతు వచ్చింది. నీళ్లు తీశాక ఆమె పుస్తకాలన్నీ ట్రాక్టర్‌లో వేసుకెళ్లి, వాళ్ల నాన్న వెంకటనారాయణ మిరపకాయలు ఆరబోసే పరదాలు పరిచి వాటి మీద ఆరబెట్టింది. పరదాలు ముందు దులపాలన్న తెలివి ఆ కంగారులో ఎవరికుంటుంది? పుస్తకాలు ఆరాయి, ఘాటు అతుక్కుపోయింది. ఆ ఊళ్లో ఎవరైనా ముందు తుమ్ముతారు, తర్వాత చదువుతారు. అట్టలు ఊడిన వాటికి రాజ్యశ్రీయే కొత్త అట్టలు కట్టి, కథ చదివి, దానికి తగ్గ బొమ్మ గీసింది.

ఇప్పుడు పై ఆఫీసు వాటిని ‘పాడైన స్టాక్’ అంది. పుస్తకాల మీద ఎర్రగీత పెట్టి లిస్టు రాయడానికి సోమవారం వీరేందర్‌ను పంపింది. గురువారం వ్యాన్ వస్తుంది. పుస్తకాలు చిత్తుకాగితాల్లోకి పోతాయి, గది మూతపడుతుంది.

“నా డ్యూటీ నేను చేస్తున్న మేడం. మీరు గిట్ల కోపంగ చూస్తే నేనేం జెయ్యాలె?”

“ఇంకా కోపంగా చూడలేదండీ. అది వేరేగా ఉంటుంది.”

వీరేందర్ ఇంకో పుస్తకం తీశాడు. అట్ట మీద పడవ అంచున నిలబడ్డ అమ్మాయి. పేరు లేదు. మొదటి పేజీలూ చివరి పేజీలూ వరద పట్టుకుపోయింది. నాలుగు కాగితాలు తిప్పి అతను ఆగిపోయాడు.

“ఈ కథ నాకెరుకే! మా కాలనీ లైబ్రరీల చదివిన. మా నాయన బొగ్గుబాయి పనికి పోంగ నన్ను అండ్ల కూసోబెట్టి పోయేటోడు. గీ పిల్ల ఆఖరికి...”

“ఆగండి!” రాజ్యశ్రీ రెండు చెవులూ మూసుకుంది. “చివరి పన్నెండు పేజీలు లేవు. పదకొండుసార్లు చదివాను. ఆ పిల్ల ఒడ్డు చేరిందో లేదో తెలియక పదకొండుసార్లూ ఏడ్చాను. మీరొచ్చి ఒక్క ముక్కలో తేల్చేస్తారా?”

“తెల్సుకోవాలని లేదా?”

“చదివి తెలుసుకోవాలని ఉంది.”

అతను మొదటిసారి రిజిస్టర్ వదిలి ఆమె ముఖంలోకి చూశాడు. తన కోపం ఎక్కడ పెట్టిందో రాజ్యశ్రీకి ఒక్క క్షణం గుర్తురాలేదు.

“మీ కాలనీ లైబ్రరీ ఇప్పుడెలా ఉంది?”

“లేదు. అండ్ల సిమెంటు బస్తాలున్నయి.” అతను ఎర్ర పెన్నుకు మూత పెట్టాడు. “మేడం, రూల్ ఒకటున్నది. బీరువాల ఉన్న పుస్తకమే లిస్టుల రాయాలె. మెంబర్ చేతిల ఉన్నదాన్ని మేం ముట్టుకోవద్దు.”

“ఆ మాట నాకెందుకు చెబుతున్నారు?”

“రూల్ చెప్పుడు గూడ డ్యూటీనే.” అనేసి, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి వానను చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే రాజ్యశ్రీ గొడుగూ ఫారాలూ పట్టుకుని గడప గడపకూ బయల్దేరింది. కార్డుకు రెండు పుస్తకాలు. కొత్త మెంబర్‌కు ఊళ్లో సొంతిల్లున్నవాళ్లు జామీను సంతకం పెట్టాలి.

“నాకు అక్షరం ముక్క రాదు గదా బిడ్డా,” అంది మిరప కోతలకు పోయే బతుకమ్మ.

“నీ మనవరాలు చదివి వినిపిస్తుంది. వినేవాళ్లకీ కార్డిస్తాను.”

“అయితే బొమ్మలున్నది ఇయ్యి. నిద్రొస్తె బొమ్మలన్న చూస్త.”

ట్రాక్టర్ నడిపే రూప్లా అన్నిటికంటే లావు పుస్తకం ఏరుకున్నాడు. అందరూ ఒప్పుకున్నారు, ఒక్క వెంకటనారాయణ తప్ప.

“ఆఫీసర్లతో మనకెందుకమ్మా? నానిన కాగితాల కోసం గొడవ పెట్టుకుంటావా?”

“పెట్టుకుంటాను నాన్నా.”

“నా సంతకం మాత్రం అడగకు.”

“అడగను. మీ అంతట మీరు పెడితే వద్దనను.”

గురువారం వ్యాన్ వచ్చింది. అందులో దిగిన పై ఆఫీసర్ మూడు బీరువాలు తెరిచాడు. మూడూ ఖాళీ.

“పుస్తకాలేవమ్మా?”

“చదువుతున్నారండీ.”

“నాలుగు వందలూనా?”

బయట వానలో గొడుగుల కింద నిలబడ్డ జనంలోంచి ఎవరో తుమ్మారు. ఇంకెవరో అందుకున్నారు.

నాలుగో బీరువాలో ఒకే ఒక్కటి దొరికింది, పడవ బొమ్మ పుస్తకం. ఎవరికీ ఇవ్వడానికి చేతులు రాక రాజ్యశ్రీ దాన్ని చివరిదాకా దాచుకుంది. తీరా చూస్తే తన కార్డు మీద రెండూ నిండిపోయాయి. చేజేతులా చేసుకున్న పొరపాటు.

“చాలు,” అన్నాడు ఆఫీసర్. “వీరేందర్, రాసెయ్. బీరువాల్లో ఉన్న స్టాక్ అంతా పాడైంది. గది మూసేద్దాం.”

వీరేందర్ పెన్ను తీశాడు. లిస్టు పక్కకు తోసి, మెంబర్‌షిప్ ఫారం దగ్గరకు లాక్కున్నాడు.

“ఈ పుస్తకం నేను తీస్కుంటున్న సార్.”

“ఉద్యోగం ఉండాలని లేదా?”

“ఉన్నది సార్. కానీ మా లైబ్రరీ పోతుంటె చిన్నప్పుడు చూస్కుంట నిలబడ్డ. ఇంకోపారి నిలబడ.”

“ఈ ఊళ్లో నీకు జామీను ఎవడిస్తాడయ్యా?”

గుమ్మం దగ్గర పెద్ద తుమ్ము వినిపించింది. వెంకటనారాయణ! చంకలో, తువ్వాలు కింద, రాజ్యశ్రీ ఇంటికి తెచ్చుకున్న పుస్తకాల్లో ఒకటి.

“నేనిస్తాను,” అంటూ ఆయన వచ్చి సంతకం పెట్టాడు. “మా అమ్మాయి గీసిన బొమ్మల మీద ఎర్రగీత పెట్టలేకపోయినవాడు. ఆ మాత్రం చాలు. అబ్బాయ్, భోజనానికి ఇంటికి రా.”

“రేపు ఆఫీసుకు రా, నీ సంగతి చూస్తాను,” అని ఆఫీసర్ వ్యాన్ ఎక్కాడు. వ్యాన్ ఖాళీగా వెళ్లిపోయింది.

“భయంగా లేదా?” అడిగింది రాజ్యశ్రీ.

“మస్తు భయమైతుంది. మీరు గూడ మస్తు నచ్చిండ్రు. రెండూ ఒక్కపారే.”

“నాకు సోమవారమే నచ్చారు, తుమ్మినప్పుడే,” అంది.

“అయితే ఆ పన్నెండు పేజీలు చెప్పాల్నా?”

“చెప్పొద్దు, రాయండి. నేను బొమ్మలు వేస్తాను.”

“నేను శానా నిదానంగ రాస్త.”

“నేను ఇంకా నిదానంగా వేస్తాను.”

రాజ్యశ్రీ చీటీ మీద ఆ రోజు తేదీ రాసింది. తిరిగి ఇవ్వాల్సిన తేదీ ఖాళీగా వదిలేసి, పుస్తకం అతని చేతిలో పెట్టింది.