మావయ్య మింగిన మాత్ర

"ఎవడ్రా నీకు మావయ్య?"

వాచీలు బాగుచేసే ఆయన అన్న మొదటి మాట అది. కుర్రాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

కుర్రాడిది సోఫాలు కుట్టే పని. దుమ్ము పడదు. పొద్దస్తమానం తుమ్ముతాడు. కొట్లో అందరూ తుమ్ములోడు అంటారు. వాచీలాయన కూతురు అదే కొట్లో దిండు గలీబులు కుడుతుంది. వాడు తుమ్మినప్పుడల్లా మిషన్ ఆపి నవ్వేది. అలా మొదలైంది. ఇప్పుడు పెళ్ళిమాట అడగడానికి వచ్చాడు.

ఆయనకు జలుబు. విప్పిన వాచీ మీదకు వంగితే చాలు, ముక్కు కారుతోంది. పని సాగడం లేదు.

"ఇది వేసుకోండి. తుమ్ములకీ ముక్కుదిబ్బడకీ ఒకటే మాత్ర. నాకు బాగా పనిచేస్తుంది" అని కుర్రాడు జేబులోని మాత్రల షీటు చేతిలో పెట్టాడు.

ఆయన తీసుకున్నాడు. "రేపు రా. మాట్లాడదాం" అన్నాడు.

మర్నాడు వాన. పిల్ల తడుస్తూ కొట్టుకు వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా ఇంటికి రాకు."

"ఏమైంది?"

"నాన్న అన్నం ముట్టడు. మంచినీళ్ళు తాగడు. కూర్చోడు, పడుకోడు. అడిగితే కసురుతున్నాడు. నన్ను నీకివ్వడం ఇష్టం లేదు, అంతే."

"నోటితో అన్నాడా?"

"అనాలా? ఆ మొహం చూస్తే తెలియదూ?"

"మరి మన సంగతి?"

"అమ్మ పోయాక నాకు నాన్న ఒక్కడే. ఆయన్ని ఏడిపించి నీతో ఎలా నవ్వను?"

వాడి చేతిలో సూది ఉంది, ఎక్కడ గుచ్చాలో తెలియలేదు. ఈ కొట్టూ వద్దు, ఈ ఊరూ వద్దనిపించింది. వెళ్ళేముందు ఒక్కసారి ఆయన కాళ్ళు పట్టుకుని అడుగుదామని బయల్దేరాడు. పిల్ల వద్దంటూనే వెనక నడిచింది.

ఆయన తలుపు తీశాడు. ఒళ్ళంతా చెమట. కుర్రాణ్ణి లోపలికి లాగాడు. కూతుర్ని బయటే ఉంచి గడియ పెట్టాడు.

"ఒరే, ఆ మాత్ర వేసుకుంటే నీకు ఒంటికి వస్తుందా?"

"అంటే?"

"నిన్న సాయంత్రం నుంచి చుక్క పడలేదురా. పొట్ట పగిలిపోతోంది. పిల్లకు చెప్పకు."

"ఎన్ని వేసుకున్నారు?"

"ముక్కు ఆగలేదని మళ్ళీ వేశాను. దాని మీద జలుబు మాత్ర కూడా."

కుర్రాడు ఆయన్ని పట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. పిల్లా వెంట వచ్చింది.

మూత్రం పోవడానికి గొట్టం వేశాక డాక్టరమ్మ బయటికొచ్చింది. "ఈయనకు బీపీ ఉంది. ప్రోస్టేట్ వాచి ఉంది. ఈ మాత్రలో రెండు మందులున్నాయి. తుమ్ములాపే మందు మత్తిస్తుంది. ముక్కు తెరిచే మందు బీపీ పెంచుతుంది. ఇలాంటి మనిషికి రెండూ కలిసి మూత్రం కట్టేస్తాయి. జలుబు మాత్రలోనూ అవే ఉన్నాయి. అడక్కుండా ఎవరిచ్చారు?"

"నేనే" అన్నాడు కుర్రాడు.

పిల్ల తిరిగి చూసింది. అలాంటి చూపు వాడు ఎప్పుడూ చూడలేదు.

"మా నాన్నను చంపేవాడివి. వెళ్ళు."

వాడు వెళ్ళాడు. వసారాలో వాన చూస్తూ నిలబడ్డాడు. ఇంటికి పోవడానికి కాళ్ళు రాలేదు.

లోపల ఆయన కళ్ళు తెరిచాడు. "తుమ్ములోడేడి?"

"పొమ్మన్నాను నాన్నా."

"మాత్ర ఇచ్చాడు. నిజమే. అడక్కుండా మింగింది నేను. నీకు చెప్పుకోలేక నిన్నటి నుంచి చచ్చాను తల్లీ. వాడు వస్తే వాడికి చెప్పుకున్నాను. పిలువు."

కుర్రాడు వచ్చి తలవంచుకుని నిలబడ్డాడు.

"నీ మందు ఇంకోడికి ఇస్తావా?"

"ఇవ్వను సార్. డాక్టరు చెబితే తప్ప."

"సార్ ఏంట్రా? నిన్నటి పిలుపు బాగుంది."

కుర్రాడికి తుమ్ము వచ్చింది. పిల్ల నవ్వలేదు. ఇంకా కోపం పోలేదు. కానీ రుమాలు తీసి వాడికిచ్చింది.