దిబ్బపేట గాలివాటా

గురునాథం అద్దం మీది ఆవిరిని తువ్వాలుతో తుడిచి, రాబోయే కాలపు ఎండను ముందే రప్పించి చూపే ముందుగదిలోకి చూశాడు. కట్టబోయే మేడల నివాసవరుస లేచి పదేళ్లు గడిచాక దిబ్బపేటలో వైశాఖమాసపు సాయంత్రం ఎలా ఉండబోతుందో ఆ గది అలాగే మారుతోంది. గోడల్లోంచి కాంక్రీటు వేడి, నేలలోంచి తారు వేడి, వేల ఏసీల వెనుక నుంచి వచ్చే సెగ. లేనిదల్లా పైరగాలి. తూర్పున మేడలు వరుస కట్టాక సముద్రపు గాలి ఒంగోలులో మరెవరికైనా అందుతుందేమో గాని, దిబ్బపేట వాటాకు రాదు.

గది మధ్యలో సాక్షిమేను కూర్చుని ఉంది. పేరు ఏసోబు. రేవులో బస్తాలు మోసే కుర్రాడు. ఛాతీకి కట్టిన పట్టీలు అతని ఒంటి వేడిని తెర మీదికి పంపుతున్నాయి.

"ఎట్టా ఉంది ఏసోబూ?" అని గురునాథం మైకులో అడిగాడు.

"ఏముంది శెట్టిగారూ, ఓడ అడుగు అరలోకి దిగినట్టుంది. అక్కడైతే కూర్చోనివ్వరు గూడా!"

తెర మీది ఆకుపచ్చ గీత, ఒళ్లు తట్టుకోలేని హద్దు చూపే ఉడుకుగీతకు చాలా కిందనే నడుస్తోంది.

చట్టం మంచి ఉద్దేశంతోనే పుట్టింది. ఇళ్ల పథకం వల్ల ఊరికి చెరుపో మేలో యంత్రం చెబితే చాలదు, ఆ పేట మనిషి ఒంటినే సాక్ష్యం అడగాలి అంది. ఏ మనిషినన్నది మాత్రం మదింపుదారుకే వదిలేసింది. గురునాథం ఈ మదింపు కొలువులోకి రాకముందు మామిడికాయల కమీషన్ వ్యాపారి. గంపలో పైవరుస ఎలా పేర్చాలో అతనికి ఒకరు నేర్పనక్కర్లేదు. కొనేవాడు పైవరుసే చూస్తాడు, అమ్మేవాడు పైవరుసే చూపిస్తాడు. అందులో మోసమేముంది, బేరం గాని? అలా ఎన్నో పేటల నుంచి పైవరుస పండ్లనే ఏరి ఈ గదిలో కూర్చోబెట్టాడు.

పైగా మేడలు దొంగల కోసమేం కాదు. సముద్రం ఊళ్లను మింగేశాక గుడారాల్లో పడి ఉన్నవాళ్ల కోసం. వాళ్లలో అతని చెల్లెలు అనసూయ కూడా ఉంది. ఈ పూట ఒప్పు పడితే ఆమెకు ఇల్లు. పడకపోతే పటాలు మళ్లీ మొదటి నుంచి గీయాలి, గుడారంలో మరిన్ని వానాకాలాలు. ఇటు పేట గాలి, అటు తోబుట్టువు పైకప్పు. త్రాసు ఎటు మొగ్గాలో అతను ముందే తేల్చుకున్నాడు.

గంట మోగింది. ఏసోబు నవ్వుతూ బయటికొచ్చాడు. వసారాలో కాచుకుని ఉన్న పేట జనం ఈలలు వేశారు. కండువాలు ఎగరేశారు. అతని నాయనమ్మ దీనమ్మ గోడ పట్టుకుని, ఆయాసపడుతూ వచ్చి, గురునాథం రెండు చేతులూ తీసి కళ్లకద్దుకుంది.

"నీ పిల్లలు చల్లగుండాల నాయనా! మా గిత్త గెలిచింది. ఇంక ఆ మేడలు లెగవు గదా?"

గురునాథానికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్లెరిగిన పందెం బండలాగుడు. చివరిదాకా నిలిచిన గిత్తదే గెలుపు. ఏసోబు ఎంతసేపు తట్టుకుంటే పేట అంత గెలిచినట్టని, వాడికి తలంటి, కొత్త చొక్కా తొడిగి పంపారు. ఒళ్లు తట్టుకుంటే ఒప్పు మేడలకేనని ఇతను ముందుగా చెప్పలేదు. అడగని సంగతి చెప్పకపోవడం అతనికి వ్యాపారంలో అబ్బిన అలవాటు.

"మా నాయనమ్మకి బెంగ తీరింది శెట్టిగారూ," అన్నాడు ఏసోబు. "సందేళ గాలి తిరగంగానే వాకిట్లో మంచం ఏసుకుంటది. అప్పుడు గాని ఊపిరాడదు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టుకు బదులు చెప్పడం అతనికి వచ్చు. దీవెనకు ఏం చెబుతాడు? తెర మీద 'ఒప్పు వేయండి' అన్న మాట వెలుగుతోంది.

"అమ్మా, మేడలు లేస్తాయి," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మీవాడు నిలబడ్డాడు కనకనే లేస్తాయి."

ఈలలు ఆగిపోయాయి.

"అదేంది? గెలిస్తే ఓడినట్టా?" అంది దీనమ్మ.

"మంచి పందెమే పెట్టావయ్యా శెట్టీ!" అన్నారు వెనక నుంచి ఎవరో.

ఏసోబు మాత్రం కోప్పడలేదు. తన భుజాల వైపు, అవేదో తప్పు చేసినట్టు చూసుకున్నాడు. "ఒక్క ముక్క చెప్తే పడిపోయేవాణ్ణి గదా శెట్టిగారూ," అన్నాడు.

ఆ మాటతో గురునాథంలో మిగిలిన బేరమంతా చచ్చిపోయింది. అతను తెర వైపు తిరిగి, మళ్లీ పరీక్ష పెట్టే మరుసాక్ష్యం మీట నొక్కాడు.

'సాక్షిమేనును ఎంచండి.'

ఎంచలేదు. ముందుగది తలుపు బార్లా తీశాడు. "సాయంత్రం వేళకి పేటలో ఎవరెవరు ఇళ్లలో ఉంటారో వాళ్లంతా రండి."

ఎవరూ కదల్లేదు. నమ్మడానికి వాళ్లకు కారణమూ లేదు.

"నువ్వూ వస్తావా లోపలికి?" అని అడిగింది దీనమ్మ.

"వస్తానమ్మా."

ముందు ఆమె నడిచింది. వెనకాల నెలలు నిండుతున్న కోడలు పిల్ల, చంకలో బిడ్డతో మరొకామె, కర్ర పోటేసుకుని ఒక తాత. గురునాథం ఒక్కొక్కరికీ పట్టీ కట్టాడు. 'ఒక్కరిని ఎంచండి' అని తెర మళ్లీ అడిగింది.

"ఎంచను."

యంత్రానికి దారి లేక అందరి ఒళ్లనూ చదవడం మొదలుపెట్టింది. అందరినీ చదివితే, అందరికన్నా ముందు ఉడుకుగీతను తాకినవాళ్లదే తీర్పు. గురునాథం దీనమ్మ పక్కన కూర్చుని, ఒక చేత్తో ఆమె నాడి, మరో చేత్తో ఆపుపిడి పట్టుకున్నాడు. జనం సర్దుకుని కూర్చునే లోపే దీనమ్మ గీత ఎర్రబడింది. అతను పిడి లాగాడు. చల్లగాలి లోపలికి దూకింది. తెర మీద దిబ్బపేట పథకం తిరుగుముఖం పట్టింది. ఆ వెంటనే అతను అంతకుముందు ఒప్పు వేసిన పేటలన్నీ ఒక్కటొక్కటిగా పైకి తేలసాగాయి. ప్రతి పేరు పక్కనా ఒకే మాట: 'మరుసాక్ష్యం జరగలేదు.'

దీనమ్మ ఈసారి అతని చేతులు పట్టుకోలేదు. మనవడి భుజం ఆనుకుని వెళ్లిపోయింది. అదే న్యాయమనిపించింది అతనికి.

వసారాలోకి వచ్చి చెల్లెలికి ఫోను చేశాడు.

"అయిందా అన్నయ్యా? ఎన్నో అంతస్తు?"

"ఇల్లు రాదు అనసూయా. నేనే రానివ్వలేదు."

అవతల ఎవరో మూటకు తాడు బిగిస్తున్న చప్పుడు.

"ఈ మాట ఆయనకి నువ్వే చెప్పు," అంది అనసూయ. "పొద్దుటి నుంచి సామాన్లు మూటగడతా ఉన్నాడు. నాకు నోరు రాదు."

ఫోను చేతులు మారిన చప్పుడైంది.

"చెప్పండి బావగారూ!" అంది అవతల ఉత్సాహంగా ఒక గొంతు.

గురునాథం నోరు తెరిచాడు.