పెద్దలను మాత్రమే పట్టే నవ్వు

కోంటలో శబరినది రేవుకు పోయే దారిన, ఊరి ఇళ్లన్నీ దాటిన తరువాత, ఒక పాత పెంకుటిల్లు ఉండేది. పొద్దు వాలితే ఆ దారిన ఎవరూ నడిచేవారు కారు. నడవక తప్పనివారు తలగుడ్డను చెవులకు బిగించి కట్టుకొని, నేలచూపులు చూస్తూ నడిచేవారు.

ఆ ఇంట్లోంచి ఏడుపు వినిపించేది కాదు. గజ్జెల చప్పుడు వినిపించేది కాదు.

నవ్వు వినిపించేది...

విన్నవారికి అది అంటుకుంటుందని ఊరి నమ్మకం. బస్తరు సంస్థానంలో ఇప్పపువ్వు కొని నిలవచేసే గుత్తేదారు ఒకడు అక్కడ ఒంటరిగా ఉండేవాడట. ఒక రాత్రి నవ్వుకుంటూ రేవువైపు దిగాడు. తెల్లవారి అతని చెప్పులు గట్టున దొరికాయి. అతడు దొరకలేదు.

అటువంటి ఇంటిని శ్రీరంగం కొన్నాడు.

ఈ సంగతి నాకు చెప్పినది అతని పెద్దకూతురు సుశీల. అప్పటికి ఆమె ఇంకా పాలపళ్లు ఊడే వయసు పిల్ల. ఇప్పుడు ఆమె లేదు. ఆమె చెప్పిన వరుసలోనే చెబుతాను.

శ్రీరంగానికి బజారులో ఉప్పు దుకాణం. ఆ దుకాణం వెనుక గదిలో, బస్తాల మధ్యనే వారి సంసారం. అతని తల్లి సోమమ్మ నిరుడు ఆ బస్తాల మధ్యనే కన్నుమూసింది. చంటిపిల్ల ఆ బస్తాల మధ్యనే పుట్టింది. ఉప్పుగాలికి పిల్ల ఒళ్లంతా పొక్కులు లేస్తుంటే, మహాలక్ష్మి భర్తతో తెగేసి చెప్పింది.

"దెయ్యముంటే ఏంది? గాలీ వెలుతురూ కూడా ఉన్నాయి గదా. దానికో మూల ఇద్దాం. మిగిలింది మనం ఉందాం."

ఈ మాట మహాలక్ష్మి అన్న సుందరరావుకు నచ్చలేదు. ఆయన కూనవరం నుంచి పడవ మీద వచ్చి, ఇల్లంతా చూసి, గొడుగు నేలకు తాటించాడు.

"వానలు దిగేలోగా మళ్లీ వస్తా. ఇల్లు ఇల్లులా ఉంటే సరి. ఒక్క నవ్వు వినిపించిందా, నిన్నూ పిల్లల్నీ పడవ ఎక్కించుకుపోతా. బావ ఇక్కడ ఉప్పు అమ్ముకుంటూ ఉంటాడు."

పుట్టింటి పెద్ద మాట. మహాలక్ష్మి తల ఊపింది. ఊపిందే గాని, ఆ రోజు నుంచి ఆమెకు రెండే భయాలు. ఒకటి వాన. రెండవది నవ్వు.

మరమ్మతు ఒక్కొక్క గదిగా మొదలైంది. కప్పు పనికి ఆయతు వచ్చాడు. అడవి పల్లెలోని దోర్ల తెగ మనిషి. పగలు పని, రాత్రి వెనుక వసారాలో కాపలా. ఒక గది పెంకులు దింపి, చెద తిన్న వాసాలు మార్చి, గోడలు మెత్తి, సున్నం కొట్టేవరకు సంసారం పక్క గదిలో. అది కాగానే ఇటు రావడం, దానిని విప్పడం. చంటిదాని ఉయ్యాల దూలం నుంచి దూలానికి మారేది. నాలుగేళ్ల చలపతి తడిగోడ కనబడితే చాలు, అరచేయి అచ్చువేసి వచ్చేవాడు. సుశీల పగిలిన పెంకులు ఏరి తొక్కుడుబిళ్లలు చేసుకునేది.

గది మారిన ప్రతిసారీ అన్నిటికంటే ముందు లోపలికి వెళ్లేది తరవాణి కుండ.

అది సోమమ్మ కోడలికి అప్పగించి పోయిన కుండ. గంజి పోస్తూ, పులియబెడుతూ, ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేయకుండా కాపాడుకుంటూ వచ్చినది. మహాలక్ష్మి స్నానం చేసి, తడిబట్టతో దానిని తానే మోసుకొనిపోయి లోపలి మూలన దించేది. పసుపు రాసి బొట్టు పెట్టేది. గుప్పెడన్నం వేసి మూతికి గుడ్డ కట్టేది. పిల్లలు దగ్గరకు వస్తే ఒకటే కేక—

"అత్తయ్య కుండ! ముట్టుకున్నారంటే చేతులు విరుగుతాయి!"

ఎండలు మండిపోతున్నాయి. పని దిగిన తరువాత, దీపం పెట్టకముందే, భార్యాభర్తలు తలా ఒక చెంబు తరవాణి తేట తాగేవారు. పిల్లలకు పాలన్నం.

మొదటి గదిలో చేరిన రెండోనాటి సాయంత్రం... శ్రీరంగం గోడమీద బల్లిని చూశాడు.

చూసి నవ్వాడు.

తల్లి పోయిన నాటి నుంచి పెదవి విప్పి నవ్వని మనిషి. మొదట చిన్నగా. తరువాత భుజాలు కదిలేలా. తరువాత గోడ పట్టుకొని.

"ఏందయ్యా అది?" అంది మహాలక్ష్మి, గొంతు తగ్గించి.

"బల్లి... బల్లికి తోక ఉంది..."

"ఉండదా మరి?" అంటూనే ఆమెకూ పొంగుకొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు — కళ్లలో భయం, నోట్లో నవ్వు.

పట్టుకుంది...

రెండో గదికి మారారు. నవ్వు కూడా మారింది. మునుపటికంటే పెద్దదిగా. మూడో గదిలో మహాలక్ష్మి చీపురుతో మాట్లాడి, అది జవాబు చెప్పలేదని కడుపు పట్టుకొని నవ్వింది. తెల్లవారితే తల దిమ్ము. రాత్రి తాము నవ్విన నవ్వు తలచుకొని వణుకు.

బాగుచేసిన గదిలో నవ్వు ఉండిపోవడం లేదు. తమ వెంట వస్తోంది.

"మాకెందుకు రాదు నాన్నా?" అని సుశీల అడిగింది, తమకేదో అన్యాయం జరిగినట్టు.

"పిల్లల జోలికి రాదమ్మా. పెద్దలను మాత్రమే పట్టే నవ్వు ఇది" అన్నాడు శ్రీరంగం గుసగుసగా. ఆ మాట గంభీరంగా అనబోయి, సగంలోనే నవ్వేశాడు.

చివరికి మిగిలింది వెనుక కొట్టు. గుత్తేదారు ఇప్పపువ్వు పోసుకున్న కొట్టు అదే. ఎన్ని సున్నాలు కొట్టినా గోడల్లోంచి ఆ తీపివాసన పోలేదు. అసలు ఇల్లంతా అదే వాసన కావడంతో, వారి ముక్కులు దానిని పట్టించుకోవడం మానేశాయి. ఆ కొట్టుకు పెంకు కప్పి, కుండను అందులోకి మార్చిన మరునాడే, ఆకాశంలో మబ్బు కనబడింది.

మబ్బుతోపాటు సుందరరావు దిగాడు.

సుందరరావు ఊరూరా కల్లు మానండని సభలు పెట్టే మనిషి. వచ్చీరాగానే చెమట తుడుచుకొని మంచినీళ్లు అడిగాడు. తరవాణి తేట ఇచ్చారు. గటగటా తాగి, "బాగుందే! అచ్చం మీ అత్తగారి చెయ్యి" అని మరో చెంబు అడిగాడు. దీపాలు పెట్టే వేళకు చాప చంకన పెట్టుకొని చివరి కొట్టులోకి నడిచాడు.

"నేనిక్కడ పడుకుంటా. దెయ్యం ఉంటే నాతో మాట్లాడాలి. లేకుంటే మీరు మాట్లాడాలి."

తలుపు మూసుకుంది.

నడిమింట్లో నలుగురూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మహాలక్ష్మి పెదవులు కరచుకొంది. నవ్వు రాకూడదు... ఈ ఒక్క రాత్రి రాకూడదు...

కొట్టులోంచి కిసుక్కుమన్న చప్పుడు.

తరువాత ఒక ఎక్కిలి. తరువాత సుందరరావు గొంతు, తన గొడుగుతో — "నిలబడవేం? నీకు కాళ్లు లేవా? ఒక్క కాలేనా?" — ఆ పైన పగలబడిన నవ్వు. పెంకులు కదిలేటంత నవ్వు.

మహాలక్ష్మి తలపట్టుకుంది. అయిపోయింది. పడవ ఎక్కక తప్పదు.

నవ్వు ఠక్కున ఆగింది.

కొట్టుకు పెరటివైపు ఒక చిన్న తలుపు ఉంది. అది... మెల్లగా... తెరుచుకుంది. సుందరరావు చాపమీద బిగుసుకుపోయాడు. చీకటికంటే నల్లని ఆకారం ఒకటి లోపలికి వంగింది. అడుగుల చప్పుడు లేదు. మూలకు పోయి చతికిలబడింది. కుండ మూతి గుడ్డ విప్పింది.

ఆపైన, చెవిలో చెప్పినట్టు —

"తాగు తల్లీ... తాగు... నిన్న పోసింది చాలలేదా... మళ్లా తగ్గించినవు గదా..."

సుందరరావు పెట్టిన కేకకు చంటిది లేచింది. శ్రీరంగం దీపంతో పరుగెత్తాడు.

దీపం వెలుగులో ఆయతు. ఒక చేతిలో సొరకాయ బుర్ర, మరొక చేతిలో ఆకుదొప్ప. అతని ముఖంలోనే అందరికంటే ఎక్కువ భయం.

"ఏం పోస్తున్నావురా అందులో?"

"సారా, సావుకారూ. ఇప్పసారా. మంచిదే... నేను తాగేదే."

ఆయతు చేతులు కట్టుకొని చెప్పాడు.

"మా ఇండ్లల్ల లోపలి గదిల పెద్దల కుండ ఉంటది. సచ్చినోళ్లు అందుల ఉంటరు. ఇల్లు ఇప్పితే ముందు వాళ్లను మార్చి, ఎనక మనం మారాలె. అమ్మ అట్లనే చేసింది. బొట్టు పెట్టింది, అన్నమేసింది, అత్తయ్య కుండ అన్నది. వాళ్ల నీడన ఉండి, వాళ్లకు పొయ్యకుండ నేనెట్ల తాగుత? మొదలు ఒక దొప్ప పోసిన. మర్నాడు చూస్తే కుండ తగ్గింది. ముసలామెకు దప్పిక అనుకున్న. రెండు పోసిన. ఇంకా తగ్గింది. అట్ల... పెంచుకుంట పోయిన."

ఇప్పపువ్వు వాసనలోనే కాపురముండి, ఆ సారా రుచి ఎరగని ఇల్లది. శ్రీరంగం ముందుగా అర్థం చేసుకున్నాడు. గోడకు జారగిలబడి, కళ్ల నీళ్లు కారేలా నవ్వాడు.

"అంటే... నేను..." అన్నాడు సుందరరావు. "నేను తాగానా?"

"రెండు చెంబులు మామయ్యా" అంది సుశీల. "మూడోది కూడా అడిగావు."

ఆయన చాలాసేపు గొడుగువైపు చూశాడు. ఆ పైన చెల్లెలి దగ్గరకు జరిగి గుసగుసలాడాడు.

"అమ్మలూ. ఈ మాట కూనవరం చేరకూడదు."

"మాటే కాదన్నయ్యా. నేనూ చేరను."

"...సరే."

అంతే. ఇల్లు నిలిచింది.

"మరి గుత్తేదారు దెయ్యం?" అన్నాడు శ్రీరంగం.

"ఆయన దెయ్యమేంది సావుకారూ? తాగి పడవెక్కి పోయిండు. అటు సుక్మ ఊర్ల పెండ్లాడిండు. పోయినేడు కూడ కనబడ్డడు."

తరవాణి మైలపడింది కనుక మహాలక్ష్మి కుండను పెరట్లో వొంపేసింది. ఖాళీ కుండను బోర్లించబోతుంటే ఆయతు మెల్లగా అడిగాడు.

"మరి ముసలామె ఎక్కడుంటదమ్మా?"

నవ్వుతున్నవారంతా ఆగారు. బతికి ఉన్నన్నాళ్లు ఆమెకు ఇల్లంటే ఉప్పు బస్తాలే. ఇప్పుడు ఇన్ని గదులు లేచాయి.

మహాలక్ష్మి కుండ కడిగి, కొట్టులో అదే మూలన పెట్టింది. "ఇది ఇక వంటకు కాదు. ఆమెది. కొంచెం పొయ్యి ఆయతూ. కొంచెమే" అంది. అతడు ఒక దొప్ప పోశాడు. ఆమె మూతికి గుడ్డ కట్టింది.

తెల్లవారేసరికి, కట్టిన ముడి కట్టినట్టే ఉంది. విప్పి చూస్తే కుండ పొడిగా ఉంది.

అందరూ సుందరరావును చూశారు.

"పిల్లలమీద ఒట్టు!" అని ఆయన అరిచాడు. ఆ పూటే పడవెక్కాడు.

సాయంత్రం ఆయతు మరో దొప్ప పోసి, పని ముగిసిందని తన పల్లెకు వెళ్లిపోయాడు. మహాలక్ష్మి రెండు తలుపులకూ గొళ్లెం పెట్టింది. ఆ రాత్రి తొలివాన కురిసింది. కొత్తగా కప్పిన పెంకుల నుంచి ఒక్క చుక్క కూడా కారలేదు. నడిమింట్లో అందరూ మజ్జిగన్నం తింటున్నారు. ఉయ్యాలలో చంటిదాని కళ్లు అప్పుడే మూతపడ్డాయి.

వాన ఒక క్షణం తెరిపి ఇచ్చింది.

కొట్టులోంచి... సన్నగా, బోసినోటితో, ఎంతో హాయిగా...

శ్రీరంగం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అమ్మ" అన్నాడు.

"నాకు కూడా వినిపించింది!" అంది సుశీల, సంబరంగా.

మహాలక్ష్మి లేచింది. చేయి కడుక్కొని, పైట సరిచేసుకొని, మూసిన తలుపు దగ్గరకు వెళ్లి నిలబడింది.

"అత్తయ్యా... పిల్ల ఇప్పుడే పడుకుంది. కాస్త మెల్లగా నవ్వండి."