ముందే వచ్చిన జవాబు

నాలుగేళ్లు పనిచేస్తే చాలనుకుని పంపిన యంత్రం అది. నలభై ఏళ్లయినా చావలేదు. ఆఫీసులో దానికి వ్యోమనౌక అనే ఘనమైన పేరుంది గానీ, నేను మాత్రం ముసలిది అనేదాన్ని. కెమెరాలు పోయాయి. చలికి తట్టుకునే హీటర్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాం. అయినా ఏటా దాని పుట్టినరోజుకు కేకు కోసి కళ్లొత్తుకునే పెద్దమనుషులకు కొదవలేదు. బతికున్న మనిషి విరగని కుర్చీ ఒకటి అడిగితే మాత్రం ఇవ్వరు. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. ఇది చావకముందే ఆ గౌరవం కొట్టేసింది.

కొత్త నౌకలతో మాట్లాడే డిష్ యాంటెన్నా ఖాళీ కావాలని, దీన్ని శాశ్వతంగా ఆపేసే పని నాకప్పగించారు. ఎగిరి గంతేశాను.

మిట్టమధ్యాహ్నం. క్యాంటీన్ సామాన్ల గది పక్కన, కిటికీ లేని గది మాది. పాత ఏసీ గురక, తడిసిన కార్పెట్ వాసన. మూల కుర్చీలో, రిటైరైనా ఇల్లు పట్టని పెద్దాయన. దాన్ని పైకి పంపినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. పెళ్లికొచ్చినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఊరి చివర డిష్ దగ్గర మా తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ లైన్లో.

"ఆపెయ్యి అమ్మాయ్. కానీ జవాబు వినకు," అన్నాడు పెద్దాయన.

"ఎందుకో?"

"ఇన్నేళ్లూ పిలిస్తే పలికింది. ఇక పిలవం అంటే... ఏం చేస్తుందో."

"ఏం చేస్తుంది సార్, అలిగి పుట్టింటికొస్తుందా?"

ఫోన్లో తమ్ముడు పగలబడి నవ్వాడు.

మా మాట దాన్ని చేరడానికే దాదాపు ఒక రోజు. దాని జవాబు మాకు చేరడానికి ఇంకో రోజు. అందుకే ఆదేశం పంపగానే లేచి బ్యాగు తీసుకున్నాను.

స్క్రీన్ మీద ఒక వరుస వెలిగింది. ఆదేశం అందింది.

దరిద్రపు కంప్యూటర్లు. మన మాటే మనకు తిరిగి వినిపిస్తున్నట్టుంది. మళ్లీ పంపాను. వేలు తీసేలోపే... అందింది.

పెద్దాయన మొహం పాలిపోయింది. "అది దూరం నుంచి రావట్లేదు తల్లీ," గొణిగాడు.

"ఒరేయ్ తమ్ముడూ, డిష్ ఎక్కి రిసీవర్ చూడు. ఏ తీగో వదులైనట్టుంది."

"వద్దు. వాణ్ణి పైకి పంపకు." పెద్దాయన నా మణికట్టు పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. ముసలివాళ్ల చాదస్తం.

ఫోన్లో ఇనుప మెట్ల మీద బూట్ల చప్పుడు. గాలి హోరు. తర్వాత ఆ హోరు కూడా ఆగిపోయింది.

"అక్కా, ఇక్కడ చలిగా ఉంది."

"ఇంత ఎండలో చలేంట్రా సన్నాసీ."

"నిజం... నోట్లోంచి పొగొస్తోంది. ఏదో కాలిన ఇనుము వాసన..."

ఊపిరి వినిపిస్తోంది. ఒకరిది కాదు. ఇద్దరిది.

"అక్కా... నువ్వెప్పుడొచ్చావు పైకి?"

"నేనిక్కడే ఉన్నాను కదరా."

స్క్రీన్ మీద ముసలిదాని సంకేతం... ఆగిపోయింది.

నేను వెళ్లేసరికి తమ్ముడు దిగివచ్చి మెట్ల పక్కన నిలబడి ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు.

"ఏమైందిరా? పడ్డావా?"

నా మొహంలోకి చూశాడు. పలకలేదు.

ఎండదెబ్బ అని తేల్చాడు డైరెక్టరు. చేతులు మంచుగడ్డల్లా ఉంటే ఎండదెబ్బట! డాక్టరు కళ్లలో టార్చి కొట్టి, బలం మాత్రలు రాసి చేతులు దులుపుకున్నాడు. వాడు ఇంట్లో తింటున్నాడు, తిరుగుతున్నాడు. నోరు మాత్రం విప్పడు.

రెండో రోజు అన్నం తింటూ తలెత్తాడు. "లేదక్కా, పడలేదు."

అమ్మ ఆనందంతో ఏడ్చేసింది. "ఇంకో ముద్ద పెట్టనా నాన్నా?"

పలకలేదు. మరో రెండు రోజులకు, స్నానాల గదిలోంచి వినిపించింది. "చాలమ్మా."

అమ్మకు అర్థం కాలేదు. నేను వేళ్ల మీద లెక్కేశాను, మాట వెళ్లడానికి ఒక రోజు, జవాబు రావడానికి ఇంకో రోజు. పెద్దాయనకు కబురు చేశాను. వచ్చాడు గానీ గుమ్మం దాటలేదు. అక్కణ్ణుంచే మా తమ్ముణ్ణి చాలాసేపు చూశాడు. కళ్లు చెమర్చాయి.

"బాగా చిక్కిపోయింది," అన్నాడు.

"చిక్కిపోయాడు అనాలి సార్."

వెనుదిరిగి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి వాణ్ణి ఏదీ అడగడం మానేశాను. అడక్కపోతే జవాబూ ఉండదు కదా. వారం ప్రశాంతంగానే గడిచింది.

నిన్న అమ్మ బజారుకెళ్లింది. నేను బట్టలు మడతపెడుతున్నాను. వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. జాకెట్ మీంచి కూడా చలి తగిలింది.

"నొప్పేం ఉండదక్కా," అన్నాడు, చంటిపిల్లను సముదాయిస్తున్నట్టు. "కళ్లు మూసుకుంటే చాలు."

నేనింకా ఏమీ అడగలేదు.